పార్టీ విప్‌ను కాదని ఓటేసిన ఎమ్మెల్యే: పదవి ఎప్పుడు పోతుంది, ఎప్పుడు పోదు

మీరు అడిగినవి మూడు. మీ ఎమ్మెల్యే ఒక బిల్లు మీద సొంత పార్టీకే వ్యతిరేకంగా ఓటేశారని వాట్సాప్‌లో తిరుగుతోంది, నమ్మొచ్చా? నిజంగానే వేస్తే పదవి పోతుందా? అమెరికాలో రాష్ట్ర సభల సభ్యులు ఏ బిల్లుకు ఎటు ఓటేశారో ఇంట్లో కూర్చుని చూసుకోవచ్చు కదా, మనవాళ్లది ఎందుకు దొరకదు?

మూడో ప్రశ్న తేలితే మొదటి రెండూ సగం తేలినట్టే. అందుకే అక్కడి నుంచి వస్తాను. నేను లాయర్‌ని కాను. ఇరవై ఏళ్లకు పైగా అసెంబ్లీ ప్రెస్ గ్యాలరీలో కూర్చుని వార్తలు రాసినవాణ్ని. చట్టం పుస్తకంలో ఎలా ఉందో, సభలో ఎలా నడుస్తుందో పక్కపక్కన పెట్టి చూసే అలవాటు అక్కడే అయింది.

బిల్లు పాసయ్యే ఘట్టం చూస్తే మీరు నిరాశపడతారు. చర్చ అయిపోతుంది, మంత్రి సమాధానం చెబుతారు. స్పీకర్ తల ఎత్తకుండానే, “అనుకూలంగా ఉన్నవారు అవును అనండి, వ్యతిరేకంగా ఉన్నవారు కాదు అనండి, అవును అన్నవారే ఎక్కువ, బిల్లు ఆమోదం పొందింది” అని ఒక్క గుక్కలో చదివేస్తారు. దీన్నే మూజువాణి ఓటు అంటాం. పైనుంచి మాకు వినపడేది ఒక గుంపు మోత. అందులో ఎవరి గొంతు ఎటుందో పక్క సీట్లో ఉన్నవాడికైనా తెలియదు. కాగితం మీద ఎక్కేది ‘ఆమోదం పొందింది’ అన్న ఒక్క మాటే. పేర్లుండవు, అంకెలుండవు. మన అసెంబ్లీల్లో బిల్లుల్లో ఎక్కువ భాగం ఇలాగే పాసవుతాయి. అంటే మీ ఎమ్మెల్యే ఐదేళ్లలో వేసిన ‘ఓట్లు’ దాదాపుగా ఏ రికార్డులోనూ లేవు.

దీనికి పెద్ద ఉదాహరణ మనందరికీ గుర్తున్నదే. 2014 జనవరి 30న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ రాష్ట్ర విభజన బిల్లును తిరస్కరిస్తూ తీర్మానం చేసింది. బిల్లు పంపింది కేంద్రంలోని కాంగ్రెస్ ప్రభుత్వం. దాన్ని తిప్పికొట్టే తీర్మానం పెట్టింది ఇక్కడి కాంగ్రెస్ ముఖ్యమంత్రి కిరణ్‌కుమార్ రెడ్డి. ఆయన పార్టీలోనే తెలంగాణ ఎమ్మెల్యేలు తీర్మానానికి అడ్డం, సీమాంధ్ర ఎమ్మెల్యేలు నిలువు. తెలుగుదేశంలోనూ అదే చీలిక. ఆ రోజు పార్టీ గీతలన్నీ చెరిగిపోయి ప్రాంతం గీత ఒక్కటే మిగిలింది. ఈ రాష్ట్ర చరిత్రలో సభ్యులు ఎవరెటు నిలబడ్డారో పేరుపేరునా రాసి పెట్టుకోవాల్సిన రోజంటూ ఉంటే అదే. స్పీకర్ దాన్ని మూజువాణి ఓటుతో ముగించేశారు. నిమిషాల్లో అయిపోయింది. తర్వాత కొన్నేళ్లపాటు నియోజకవర్గాల్లో ‘నేను ఆ రోజు గట్టిగా వ్యతిరేకించాను’ అని చెప్పుకోని నాయకుడు లేడు. కాదనడానికి మన దగ్గర కాగితం లేదు.

ఓట్లు లెక్కపెట్టాలంటే సభ్యులు డివిజన్ అడగాలి. అప్పుడు గంట మోగుతుంది, బయట లాబీలో, క్యాంటీన్‌లో ఉన్నవాళ్లు పరుగెత్తుకొస్తారు, తలుపులు మూస్తారు, సభ్యులు లేచి నిలబడితే సిబ్బంది తలలు లెక్కపెడతారు. అవిశ్వాస తీర్మానాలప్పుడు ఇలా జరుగుతుంది. 2020 జనవరి 27న శాసనమండలి రద్దు తీర్మానం మీద ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీలో ఇలాగే లెక్కించి 133 మంది అనుకూలం, వ్యతిరేకం సున్నా అని ప్రకటించారు. దానికి కొద్ది రోజుల ముందే మండలిలో మూడు రాజధానుల బిల్లుల గొడవలో ఓటింగ్ జరిగితే, ఇద్దరు టీడీపీ ఎమ్మెల్సీలు సొంత పార్టీ ఓటింగ్ ఆదేశమైన విప్‌ను కాదని ప్రభుత్వం వైపు ఓటేశారు. లెక్క జరిగింది కాబట్టే వాళ్లెవరో వెంటనే బయటపడింది.

కాబట్టి ఎవరైనా ‘ఫలానా బిల్లుకు మా ఎమ్మెల్యే ఎదురు ఓటేశాడు’ అంటే నేను మొట్టమొదట అడిగేది, ఆ రోజు అసలు డివిజన్ జరిగిందా అని.

ఇక విప్ సంగతి. ఈ మాట మన పేపర్లలో రెండు అర్థాల్లో తిరుగుతుంది, అందుకే గందరగోళం. ఒకటి, మనిషి: చీఫ్ విప్, విప్‌లు. రెండోది, ఆ మనిషి జారీ చేసే ఆదేశం: ‘ఫలానా తేదీన సభకు హాజరై ఫలానా తీర్మానానికి అనుకూలంగా ఓటేయవలెను’ అన్న కాగితం. ఆ కాగితం ముట్టిందని సంతకం తీసుకోవడం పెద్ద ప్రహసనం. నేను కళ్లారా చూశాను. అవిశ్వాసం ముందురోజు సాయంత్రం పార్టీ ఆఫీసు కుర్రాడు రిజిస్టరు, కవర్లు పట్టుకుని లాబీలో నిలబడ్డాడు. ఒక ఎమ్మెల్యే అతన్ని చూసి చూడనట్టు పక్క కారిడార్‌లోకి మళ్లారు. అరగంట తర్వాత మళ్లీ అదే దృశ్యం. ఆయన దృష్టిలో కాగితం చేతికందకపోతే విప్ లేనట్టే. మర్నాడు ఉదయానికి ఆయన క్వార్టర్ తలుపుకు ఆ కవరు అంటించి, ఫొటో తీసి, ఆయన ఫోన్‌కు మెసేజ్ కూడా పెట్టేశారు. ‘నాకు అందలేదు’ అన్న వాదన తర్వాత స్పీకర్ దగ్గర ఎక్కడా నిలబడలేదు.

విప్ ఎవరు జారీ చేయాలన్న దాని మీద కూడా పెద్ద గొడవే నడిచింది. మహారాష్ట్రలో శివసేన చీలినప్పుడు రెండు వర్గాలూ మా విప్పే అసలైనదన్నాయి. 2023 మేలో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం, విప్‌ను నియమించే అధికారం రాజకీయ పార్టీదే కానీ సభలో ఉన్న ఎమ్మెల్యేల గుంపుది కాదని తేల్చింది.

ఆ కాగితానికి అంత బలం ఎక్కడి నుంచి వచ్చిందంటే, 1985లో 52వ సవరణతో రాజ్యాంగంలో చేరిన పదో షెడ్యూలు, అంటే పార్టీ ఫిరాయింపుల నిరోధక చట్టం నుంచి. 1967లో హర్యానాలో గయా లాల్ అనే ఎమ్మెల్యే రెండు వారాల్లో మూడుసార్లు పార్టీ మారినప్పటి నుంచి ఇలాంటి చట్టం కావాలన్న మాట ఉంది. మనకైతే 1984 ఆగస్టు గుర్తుంటే చాలు. ఎన్టీఆర్‌ను దించేసి నాదెండ్ల భాస్కరరావును కూర్చోబెట్టడం, ఎమ్మెల్యేలను కర్ణాటకకు తరలించి కాపలా కాయడం, నెల తిరిగేసరికి ఎన్టీఆర్ మళ్లీ రావడం. ఆ మరుసటి ఏడాదే చట్టం వచ్చింది.

ఆ షెడ్యూలులో పదవి పోయే దారులు ముఖ్యంగా రెండు. తన ఇష్టంతో పార్టీ సభ్యత్వం వదులుకోవడం ఒకటి. పార్టీ ఆదేశానికి విరుద్ధంగా, ముందస్తు అనుమతి లేకుండా ఓటేయడం లేదా ఓటింగ్‌కు దూరంగా ఉండటం రెండోది. ఈ ‘దూరంగా ఉండటం’ అన్న మాట చాలామంది గమనించరు. కర్ర విరగకుండా పాము చావకుండా, ఓటింగ్ సమయానికి జ్వరమొచ్చిందని ఇంట్లో పడుకుంటే సరిపోతుందనుకుంటారు. సరిపోదు. చట్టం దృష్టిలో ఎదురు ఓటూ, గైర్హాజరూ ఒకటే. అయితే పార్టీ 15 రోజుల్లోగా ఆ తప్పును క్షమించేస్తే ఇక అనర్హత ఉండదు. పార్టీకి ఆ ఎమ్మెల్యే అవసరం ఉన్నంతకాలం ఈ క్షమాగుణం బాగా పనిచేస్తుంది.

ఇక్కడ 1992 నాటి కిహోటో హొల్లోహాన్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు చదవాలి. అయిదుగురు జడ్జీలు, 3–2 తేడాతో చట్టం చెల్లుతుందన్నారు. స్పీకర్ నిర్ణయాన్ని కోర్టులు పరిశీలించవచ్చని కూడా అందులోనే ఉంది. నాకు మరీ ముఖ్యంగా కనిపించేది మరో మాట: విప్‌ను కాదన్నాడని పదవి తీసేయడం ప్రభుత్వం ఉంటుందా పోతుందా అనే ఓటింగులకు, లేదా పార్టీ ప్రజల ముందు పెట్టిన ప్రధాన విధానానికి సంబంధించిన ఓటింగులకు పరిమితం కావాలని కోర్టు వ్యాఖ్యానించింది. మిగతా వాటి మీద సభ్యుడికి తన మాట తనకుండాలన్నది దాని భావం. ఆచరణలో ఏ పార్టీ పట్టించుకుంది? చిన్నాచితకా బిల్లులకు కూడా మూడు గీతల విప్, అంటే తప్పక పాటించాల్సిన కఠిన ఆదేశం, వచ్చేస్తుంది. 1990లో దినేశ్ గోస్వామి కమిటీ, 1999లో లా కమిషన్ కూడా దాదాపు ఇదే చెప్పాయి. కాంగ్రెస్ ఎంపీ మనీశ్ తివారీ ఇదే కోరుతూ లోక్‌సభలో ప్రైవేటు మెంబర్ బిల్లు (మంత్రి కాని సభ్యుడు సొంతంగా పెట్టేది) పెట్టారు. అధికారంలో ఎవరున్నా ఈ ఫైలు కదలదు. కదిలితే ఎవరికి ఇబ్బందో మీకు చెప్పక్కర్లేదు.

ఇప్పుడు అసలు చిక్కుముడి. ఎమ్మెల్యే ‘ఓటు’ అంటే అన్నీ ఒకటి కావు. రాజ్యసభ ఎన్నిక, ఎమ్మెల్యే కోటా ఎమ్మెల్సీ ఎన్నిక, రాష్ట్రపతి ఎన్నిక కూడా ఎమ్మెల్యేలే ఓటేసేవి. అవి సభ లోపలి ఓటింగులు కావు కాబట్టి పదో షెడ్యూలులోని విప్ నిబంధన వాటికి వర్తించదు. రాజ్యసభ ఎన్నికలో 2003 నుంచి బహిరంగ బ్యాలెట్ ఉంది. ఓటేసిన కాగితాన్ని పార్టీ ఏజెంటుకు చూపించి పెట్టెలో వేయాలి, చూపించకపోతే ఓటు చెల్లదు. అయినా వేరే అభ్యర్థికి ఓటేసినంత మాత్రాన ఎమ్మెల్యే పదవి పోదని 2006లో కుల్దీప్ నయ్యర్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. పార్టీ సస్పెండ్ చేసుకోవచ్చు, అంతే.

హిమాచల్‌లో 2024లో జరిగింది చూస్తే ఈ తేడా చేత్తో పట్టుకున్నట్టు అర్థమవుతుంది. 68 మంది సభలో కాంగ్రెస్‌కు 40 మంది. ఫిబ్రవరి 27న రాజ్యసభ ఎన్నికలో వాళ్లలో ఆరుగురు, ముగ్గురు స్వతంత్రులు బీజేపీ అభ్యర్థికి ఓటేశారు. లెక్క 34–34 అయింది. చీటీ తీశారు. విచిత్రమేమిటంటే చీటీలో పేరొచ్చినవారు ఓడిపోయినట్టు. కాంగ్రెస్ అభ్యర్థి అభిషేక్ సింఘ్వీ పేరు వచ్చింది, ఆయన ఓడిపోయారు. రెండు రోజుల్లో స్పీకర్ ఆ ఆరుగురి మీద అనర్హత వేటు వేశారు. దేనికి? రాజ్యసభలో ఎదురు ఓటేసినందుకు కాదు. దానికి వేయడం కుదరదు. ఆ మర్నాడు బడ్జెట్ ఆమోదం సమయంలో విప్ ఉన్నా సభలో లేనందుకు. పెద్ద నేరానికి శిక్ష లేదు, ఆ వెంట చేసిన గైర్హాజరుకు పడింది. ఆ ఆరు సీట్ల ఉప ఎన్నికల్లో కాంగ్రెస్ నాలుగు, బీజేపీ రెండు గెలిచాయి.

మన దగ్గర 2023 మార్చిలో జరిగిన ఎమ్మెల్సీ ఎన్నిక ఇంకా రసవత్తరం, ఎందుకంటే అది రహస్య బ్యాలెట్. ఏడు స్థానాలు, ఎనిమిది మంది అభ్యర్థులు. 175 మంది ఓటేస్తే గెలవడానికి 22 మొదటి ప్రాధాన్యం ఓట్లు చాలు. టీడీపీకి 2019లో వచ్చినవి 23 సీట్లు, కానీ నలుగురు అప్పటికే అధికార పార్టీ పంచన చేరడంతో చేతిలో మిగిలింది 19. ఫలితం చూస్తే ఆ పార్టీ అభ్యర్థి పంచుమర్తి అనూరాధకు సరిగ్గా 23 ఓట్లు. వెళ్లిన నలుగురికి బదులు అటునుంచి నాలుగు వచ్చాయన్నమాట. మర్నాడే వైఎస్సార్‌సీపీ నలుగురు ఎమ్మెల్యేలను సస్పెండ్ చేసింది: ఆనం రామనారాయణ రెడ్డి, కోటంరెడ్డి శ్రీధర్ రెడ్డి, మేకపాటి చంద్రశేఖర్ రెడ్డి, ఉండవల్లి శ్రీదేవి.

రహస్య బ్యాలెట్‌లో ఎవరు వేశారో పార్టీకి ఎలా తెలుస్తుందని అప్పట్లో చాలామంది నన్ను అడిగారు. పార్టీలు వాడే పాత ఉపాయం ఒకటుంది. ఎమ్మెల్యేలను అభ్యర్థికి ఇంతమంది చొప్పున పంచుతారు, మొదటి ప్రాధాన్యం ఎవరికో చెప్పి, రెండు, మూడు ఎవరికి వేయాలో ఒక్కొక్క జట్టుకు ఒక్కో వరుస ఇస్తారు. మాక్ పోలింగ్ పెట్టి ప్రాక్టీసు కూడా చేయిస్తారు. లెక్కింపులో ఒక వరుస కనబడకపోతే ఆ జట్టులో ఎవరో జారిపోయారని తెలుస్తుంది. అది కోర్టులో నిలిచే సాక్ష్యం కాదు, కానీ పార్టీ అధ్యక్షుడికి అంత సాక్ష్యం అక్కర్లేదు. ఆ నలుగురి అనర్హత మాత్రం 2024 ఫిబ్రవరి 26న వచ్చింది, అసెంబ్లీ గడువు ముగియడానికి మూడు, నాలుగు నెలల ముందు. అటు దూకినవాళ్లు నలుగురు, ఇటు దూకినవాళ్లు నలుగురు, మొత్తం ఎనిమిది మందిని పార్టీ మారారని స్పీకర్ ఒకే రోజు తీసేశారు. పెళ్లిభోజనం అయ్యాక విస్తరి వేసినట్టు.

రహస్య బ్యాలెట్, ఎదురు ఓటు అనగానే పాతతరం వాళ్లకు 1969 గుర్తొస్తుంది. రాష్ట్రపతి పదవికి కాంగ్రెస్ అధికారిక అభ్యర్థి మన నీలం సంజీవరెడ్డి. ఇందిరాగాంధీ మాత్రం ‘ఆత్మప్రబోధం’ ప్రకారం ఓటేయండని ఎంపీలకు, ఎమ్మెల్యేలకు పిలుపిచ్చారు. స్వతంత్రుడిగా నిలబడ్డ వి.వి.గిరి రెండో ప్రాధాన్యం ఓట్ల లెక్కింపులో గట్టెక్కారు. ఆ తర్వాత ‘ఆత్మప్రబోధం’ అన్న మాట మన రాజకీయాల్లో వెటకారంగానే ఎక్కువ వినపడింది. నిజంగా ఆత్మ చెప్పినట్టు ఓటేసినవాళ్లూ ఆ రోజు ఉండే ఉంటారు. పాపం, వాళ్లూ ఆ వెటకారంలో కలిసిపోయారు.

మీ రెండో ప్రశ్నకు జవాబు ఇప్పటికి ఒక రూపానికి వచ్చింది: సభలో, విప్ ఉన్న తీర్మానం మీద, లెక్క జరిగిన ఓటింగ్‌లో ఎదురు ఓటేస్తే పదవి పోవచ్చు. ‘పోవచ్చు’ అనే ఎందుకంటున్నానంటే, ఎవరైనా పిటిషన్ వేయాలి, స్పీకర్ తేల్చాలి. 2019లో జనసేనకు ఒక్కరే ఎమ్మెల్యే, రాజోలు నుంచి. మూడు రాజధానుల బిల్లును వ్యతిరేకించమని పార్టీ అధ్యక్షుడు లేఖ రాస్తే, ఆయన సభలో దానికి మద్దతు పలికారు. ఐదేళ్లూ ఎమ్మెల్యేగానే ఉన్నారు.

నాకు ఈ చట్టం మీద అసలైన కోపం ఎక్కడంటే, బాహాటంగా లేచి నిలబడి ఎదురు ఓటేసినవాడు ఇట్టే దొరికిపోతాడు. ఒక్క ఓటూ వేయకుండా కండువా మార్చినవాడు కాలం గడిపేస్తాడు. తెలంగాణలో 2023 డిసెంబరులో బీఆర్‌ఎస్ టికెట్ మీద గెలిచిన పదిమంది ఎమ్మెల్యేలు కాంగ్రెస్‌లో చేరారని పిటిషన్లు పడ్డాయి. వారిలో ఒకరైతే ఎమ్మెల్యేగా ఉంటూనే 2024 లోక్‌సభ ఎన్నికల్లో సికింద్రాబాద్ నుంచి కాంగ్రెస్ అభ్యర్థిగా పోటీ చేశారు. ఆ పిటిషన్లు నెలల తరబడి నానితే, 2025 జులై 31న సుప్రీంకోర్టు కలగజేసుకుని మూడు నెలల్లో తేల్చమని స్పీకర్‌కు చెప్పాల్సి వచ్చింది. మూడు నెలలన్న గడువు మాట 2020లో మణిపూర్ కేసులోనే కోర్టు అన్నది. గుంపుగా వెళ్తే ఇంకా సుఖం. 1985లో మూడోవంతు మంది చీలితే తప్పు కాదన్నారు, 2003లో 91వ సవరణతో ఆ వెసులుబాటు తీసేశారు. మూడింట రెండు వంతుల మంది ‘విలీనం’ అయితే మాత్రం ఇప్పటికీ చెల్లుతుంది. 2019 జూన్‌లో తెలంగాణ కాంగ్రెస్‌కు అదే జరిగింది. గెలిచినవాళ్లు 19 మంది. విలీనానికి 13 మంది కావాలి. ఉత్తమ్‌కుమార్ రెడ్డి ఎంపీగా గెలిచి ఎమ్మెల్యే పదవికి రాజీనామా చేయగానే లెక్క 18కి దిగింది, 12 మంది చాలు. రోజుల వ్యవధిలో 12 మంది సంతకాలతో టీఆర్‌ఎస్‌లో విలీనం అయిపోయింది. వీళ్లలో ఎవరూ సభలో ఎదురు ఓటు వేయాల్సిన అవసరమే రాలేదు.

పోల్చి చూడటానికి 2011 డిసెంబరు తీసుకోండి. కిరణ్‌కుమార్ రెడ్డి ప్రభుత్వం మీద టీడీపీ అవిశ్వాసం పెట్టింది. జగన్ వైపున్న 16 మంది కాంగ్రెస్ ఎమ్మెల్యేలకు, ప్రజారాజ్యం టికెట్ మీద గెలిచిన శోభా నాగిరెడ్డికి ముందు నుయ్యి, వెనుక గొయ్యి. ప్రభుత్వం పడదని అందరికీ తెలుసు. అంటే ఓటేస్తే ప్రభుత్వం కాదు, తమ పదవులే పోతాయి. రాత్రి బాగా పొద్దుపోయాక ఓటింగ్ వచ్చింది. నేను గ్యాలరీ ముందు వరసలో ఉన్నాను. వరుసలవారీగా లేచి నిలబడుతున్నారు, సిబ్బంది వేలు చూపిస్తూ లెక్కపెడుతున్నారు. అధికారపక్షం కూర్చునే ట్రెజరీ బెంచీల వైపు నుంచి ఒక్కొక్కరే లేచినప్పుడు పక్కనున్నవాళ్లు తల తిప్పుకోవడం నాకు ఇప్పటికీ కళ్లకు కడుతుంది. అప్పటిదాకా భుజం మీద చెయ్యేసుకుని తిరిగినవాళ్లే.

ఆ పదిహేడు మందినీ స్పీకర్ అనర్హులను చేశారు. 2012 జూన్‌లో ఉప ఎన్నికలొచ్చాయి. అనర్హత పడినవాళ్లు మళ్లీ పోటీ చేయవచ్చు, చట్టం అడ్డుకోదు. పదిహేడు మందీ వైఎస్సార్‌సీపీ తరఫున నిలబడ్డారు, పద్నాలుగు మంది తిరిగి గెలిచారు. నరసాపురం, రామచంద్రపురంలో కాంగ్రెస్, పరకాలలో టీఆర్‌ఎస్ గెలిచాయి. వాళ్ల ఓటు వెనుక ఉన్నది ఆశయమా, వెళ్లే పార్టీ మీద లెక్కా అని ఇప్పటికీ వాదించుకోవచ్చు. నా వరకు ఒకటే చూస్తాను: వాళ్లు ఓటేసిన సంగతి పేర్లతో సహా రికార్డయింది, మూల్యం చెల్లించారు, జనం దగ్గరికి తిరిగి వెళ్లి తీర్పు అడిగారు.

అమెరికా సంగతి క్లుప్తంగా చెబుతా, ఎందుకంటే మన చట్టంతో అసలు పోలికే లేదు. అక్కడ చాలా రాష్ట్రాల సభల్లో బిల్లు మీద తుది ఓటు పేరుపేరునా నమోదవుతుంది, ఆన్‌లైన్‌లో పెడతారు. పార్టీకి ఎదురు ఓటేస్తే సీటు పోదు, పార్టీ మారినా పోదు. నార్త్ కరోలినాలో ట్రిషియా కాథమ్ 2022లో డెమోక్రాట్‌గా గెలిచి 2023 ఏప్రిల్‌లో రిపబ్లికన్లలో చేరారు. ఆమె ఒక్కరు మారడంతో 120 మంది సభలో రిపబ్లికన్లు 72 మంది అయ్యారు. గవర్నర్ వీటోను తోసిపుచ్చడానికి కావాల్సిన అయిదింట మూడొంతులు సరిగ్గా అదే. పన్నెండు వారాల తర్వాత అబార్షన్‌ను చాలావరకు నిషేధించే బిల్లు నెలన్నర తిరిగేసరికి అలాగే చట్టమైంది. 2024లో ఆమె స్వల్ప తేడాతో మళ్లీ గెలిచారు. టెక్సస్‌లో షాన్ థియరీ అనే డెమోక్రాట్ 2023లో మైనర్ల లింగమార్పిడి వైద్యాన్ని నిషేధించే బిల్లుకు రిపబ్లికన్లతో కలిసి ఓటేశారు. మరుసటి ఏడాది ఆమె పార్టీ ఓటర్లే ప్రైమరీలో (పార్టీ అభ్యర్థిని ఓటర్లే ఎంచుకునే ముందస్తు ఎన్నికలో) ఓడించారు, తర్వాత పార్టీ మారారు. అక్కడ టికెట్ ఇచ్చేది పార్టీ అధ్యక్షుడి గది కాదు, ప్రైమరీ ఓటర్లు. అందుకే ఓటు రికార్డుకు అంత విలువ. మన దగ్గర టికెట్ ఎక్కడి నుంచి వస్తుందో తెలిసిందే, ఎమ్మెల్యే కూడా అటే చూస్తూ ఓటేస్తాడు. అదే పద్ధతి ఇక్కడికి తెస్తే ఎమ్మెల్యేల ఓట్లు డబ్బుతో కొనడం పెరుగుతుందన్న భయం ఉత్తిది కాదు, 1967 నుంచి చూసినవాళ్లెవరూ దాన్ని కొట్టిపారేయలేరు.

డబ్బు మాట వచ్చింది కాబట్టి ఒక్కటి. సభలో ఓటుకు లంచం తీసుకున్నా కేసు పెట్టలేరన్న 1998 నాటి పి.వి.నరసింహారావు కేసు తీర్పును 2024 మార్చి 4న సుప్రీంకోర్టు ఏడుగురు జడ్జీల ధర్మాసనం కొట్టేసింది. ఈ కొత్త తీర్పు వచ్చిన కేసులో అప్పటి జార్ఖండ్ ఎమ్మెల్యే సీతా సోరెన్ మీద ఉన్న ఆరోపణే తమాషా: రాజ్యసభ ఎన్నికలో ఒకరి దగ్గర డబ్బు తీసుకుని, ఓటు మాత్రం సొంత పార్టీ అభ్యర్థికే వేశారని. లంచం తీసుకున్న క్షణంలోనే నేరం పూర్తయింది, తర్వాత ఎటు వేశారన్నది అనవసరం అంది కోర్టు.

ఇక మీ ఎమ్మెల్యే. అసెంబ్లీ కార్యక్రమాల నివేదికలు మాటకు మాట అచ్చవుతాయి, వెబ్‌సైట్‌లో పాతవి కూడా చాలావరకు పీడీఎఫ్‌లుగా ఉంటాయి. మెసేజ్‌లో చెప్పిన బిల్లు పేరు, తేదీ పట్టుకుని ఆ రోజు నివేదిక తెరవండి. చివరి పేజీల్లో మూజువాణి ఓటా, డివిజనా అన్నది కనబడుతుంది. డివిజన్ జరిగి పేర్లు లేకపోతే శాసనసభ సచివాలయానికి ఆర్టీఐ కింద దరఖాస్తు పెట్టుకోవచ్చు. అదే నివేదికలో ఆయన చర్చలో ఏం మాట్లాడారో కూడా చదవండి. మన సభల్లో పార్టీని కాదనే మనిషి ఎక్కువగా బయటపడేది ఓటులో కాదు. సొంత ప్రభుత్వాన్ని ఇరుకున పెట్టే ప్రశ్న వేయడంలో, కమిటీ నివేదికకు అసమ్మతి నోట్ రాయడంలో, బిల్లుకు సవరణ కోరి చివరిదాకా వెనక్కి తీసుకోకపోవడంలో బయటపడతాడు. సవరణ ప్రతిపాదించి, మంత్రి హామీ ఇచ్చారంటూ ఉపసంహరించుకున్నవి లెక్కలోకి తీసుకోకండి, అవి చాలావరకు ముందే మాట్లాడుకున్న ముచ్చట.

నివేదికలో డివిజన్ అన్న మాటే లేకపోతే, ఆ వాట్సాప్ మెసేజ్ ఎంత గట్టిగా చెప్పినా దాని వెనుక ఓటు లేదు. ఆ రోజు ఆయన సభలో ఉన్నారో లేదో హాజరు పట్టిక చూసుకోండి. ఇలాంటి కథల్లో సగం అక్కడే తేలిపోవడం నేను చూశాను.